టైల్ కింది చెక్క

కొత్తగా టైల్స్ పరిచిన వంటగదిలో రెండో చలికాలానికల్లా ఒక గీత కనబడుతుంది. అది ఒక్క టైల్‌తో ఆగదు. నాలుగైదు టైల్స్‌ను దాటుకుంటూ, బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా సాగిపోతుంది. ఇంటివాళ్ళు మొదట టైల్ నాణ్యతను అనుమానిస్తారు, ఆ తర్వాత పరిచిన మేస్త్రిని. పగులు అంత తిన్నగా వచ్చిందంటే దాని అడుగున తిన్నగా ఉన్నదేదో కదిలిందన్నమాట. చెక్క ఇళ్ళలో అది చాలాసార్లు రెండు ప్లైవుడ్ షీట్లు కలిసే అతుకు, లేదా వాటిని మోస్తున్న దూలం.

తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు కట్టుకున్నవారికి ఈ చిక్కు తెలియదు. ఇక్కడ టైల్ కింద కాంక్రీటు శ్లాబు ఉంటుంది, దాని మీద ఇసుక, సిమెంటు మాలు. అమెరికా, కెనడాల్లో మామూలు ఇల్లు కలపతోనే లేస్తుంది. 16 అంగుళాలకో, 24 అంగుళాలకో ఒకటి చొప్పున నిలబెట్టిన అడ్డదూలాలను అక్కడ జాయిస్టులంటారు. వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ గానీ, చెక్కపేళ్ళను జిగురుతో నొక్కి చేసిన ఓఎస్‌బీ బోర్డు గానీ బిగిస్తారు. ఆ చెక్కతలమే సబ్‌ఫ్లోర్. బేస్‌మెంట్ ఉన్న న్యూజెర్సీ ఇంట్లో కింది అంతస్తు కూడా జాయిస్టుల మీదే నిలబడుతుంది. టెక్సాస్‌లో కింది అంతస్తు చాలాచోట్ల నేల మీద పోసిన కాంక్రీటే అయినా, మేడ ఎక్కితే అక్కడా కలపే. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబం కార్పెట్ పీకించి టైల్స్ వేయించుకుందామనుకున్న రోజున, ఊళ్ళో తాము చూసిన పనికీ అక్కడి పనికీ పోలిక లేదని తెలుస్తుంది.

నిజానికి చెక్క మీద ఇటుకనూ సున్నాన్నీ నిలబెట్టిన అనుభవం ఇక్కడా ఉంది. శ్లాబులు రాకముందు మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లో మద్రాసు టెర్రస్ అనే పద్ధతి నడిచింది. టేకు దూలాలను దగ్గరదగ్గరగా వేసి, వాటి మీద పలుచటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చేవారు. దానిపైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిసతో కొట్టి, పలక ఇటుకలు పరిచేవారు. అది నిలవడానికి రెండు కారణాలున్నాయి. దూలాల మధ్య ఎడం తక్కువ. గానుగ సున్నం సిమెంటంత పెళుసు కాదు, చిన్నపాటి కదలికను ఓర్చుకుంటుంది. ఇప్పటి అమెరికన్ ఇంట్లో ఈ రెండూ తారుమారయ్యాయి. దూలాలు ఎడంగా జరిగాయి, వాటి మీద అతికించేది సిమెంటు. ఆ సిమెంటు మీద కూర్చునే పోర్సలిన్ టైల్ దానికన్నా బిరుసు.

అమెరికాలో కూడా పాతకాలపు మేస్త్రులు ఈ సంగతి బాగా ఎరిగినవారే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల ఇళ్ళలో స్నానాలగది నేల విప్పి చూస్తే జాయిస్టుల పై అంచులు రెండువైపులా చెక్కి ఉంటాయి. వాటి మధ్య కాస్త దిగువన పలకలు బిగించి, పైదాకా కాంక్రీటు నింపి, దాని మీద ఆరు పలకల చిన్న తెల్ల టైల్స్ పొదిగేవారు. తర్వాత వచ్చింది మందపు మాలు పరుపు. చెక్క మీద తారుకాగితం పరిచి, తీగవల బిగించి, అంగుళంపావు మందాన మాలు పోసి, దాని మీద టైల్ పెట్టేవారు. చదరపుటడుగుకు సుమారు 15 పౌండ్ల బరువు. ఆ తారుకాగితం చేసే పని తేమను ఆపడమొక్కటే కాదు. మాలును చెక్కకు అంటుకోనివ్వకుండా విడిగా ఉంచేది. కింద చెక్క ఉబ్బినా కుంగినా, పైన తీగవలతో బలపడిన మాలు ఒకే బిళ్ళగా ఉండిపోయేది. అలాంటి గచ్చులు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరకుండా ఇప్పటికీ ఉన్నాయి.

1950లలో పరిస్థితి మారింది. పలుచటి పూతగా టైల్‌ను అతికించే థిన్‌సెట్ సిమెంటు వాడుకలోకి వచ్చింది. 1956లో హెన్రీ రాత్‌బర్గ్ స్థాపించిన లాటిక్రీట్ సంస్థ, సిమెంటులో లేటెక్స్ కలిపితే ఆ పలుచటి పూత కూడా గట్టిగా పట్టుకుంటుందని చూపించింది. పని సులువైంది, బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది. అయితే అంగుళంపావు మాలు ఇంతకాలం తనలో కలుపుకున్న కదలిక ఇప్పుడు పావు అంగుళమైనా లేని పూత గుండా నేరుగా టైల్‌కు చేరడం మొదలైంది. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఈ రంగంలో జరిగిన వాదులాటంతా, వచ్చిన బోర్డులూ పొరలూ అన్నీ, ఆ పోయిన మందానికి బదులు వెతకడమే.

చెక్క రెండు విధాలుగా కదులుతుంది. బరువుకు వంగుతుంది, తేమకు ఉబ్బుతుంది. ఈ రెంటికీ మందు ఒకటి కాదు. దుకాణంలో దొరికే సరుకులో ఎక్కువ భాగం రెండోదానికి పనికొస్తుంది, కొనేవారిలో ఎక్కువమంది మొదటిదానికి కూడా పనికొస్తుందని నమ్ముతారు. చెడిపోయిన నేలల్లో చాలావాటికి మూలం ఆ నమ్మకమే.

ముందు వంపు సంగతి. టైల్ పరిచే నేల నిండు బరువు మీద తన పొడవులో 360వ వంతుకు మించి కుంగకూడదన్నది అమెరికాలో అందరూ ఒప్పుకున్న కొలత. 12 అడుగుల జాయిస్టుకు అది 0.4 అంగుళం, అంటే సుమారు 10 మిల్లీమీటర్లు. పాలరాయి, గ్రానైట్ లాంటి సహజ శిలకు ఈ హద్దు సరిగ్గా సగం, 720వ వంతు. అదే 12 అడుగులకు 5 మిల్లీమీటర్లు మాత్రమే. పూజగదిలో పాలరాయి వేయాలని ముచ్చటపడే కుటుంబాలు ఈ తేడాను మొదట్లోనే తెలుసుకోవాలి. పోర్సలిన్‌కు సరిపోయే నేల రాతికి సరిపోకపోవచ్చు. రాయి వేయాలంటే జాయిస్టులు గట్టివైతే చాలదు, వాటిపైన ప్లైవుడ్ రెండు పొరలు ఉండాలని కూడా పరిశ్రమ నియమం.

ఇక్కడ లెక్క కళ్ళు తెరిపిస్తుంది. సమంగా పరుచుకున్న బరువు కింద దూలం కుంగుదల దాని పొడవుకు నాలుగో ఘాతంగా పెరుగుతుంది. ఆధారాల మధ్య దూరం 10 అడుగుల నుంచి 12కు పెరిగితే, అంటే ఐదోవంతు పెరిగితే, కుంగుదల రెట్టింపవుతుంది. మరోవైపు దూలం ఎత్తు మూడో ఘాతంగా పనిచేస్తుంది. టూ బై ఎయిట్ అని పిలిచే కలప అసలు ఎత్తు 7.25 అంగుళాలు, టూ బై టెన్‌ది 9.25. రెండంగుళాల తేడాకే రెండోది మొదటిదానికన్నా రెట్టింపు బిగువుగా ఉంటుంది. అందుకే బేస్‌మెంట్‌లోకి దిగి, జాయిస్టు ఎత్తు, మందం, వాటి మధ్య ఎడం, ఆధారం లేని పొడవు, కలప మీద గ్రేడు ముద్ర చూసి రాసుకోవడం ఏ బోర్డు కొనడం కన్నా ముందు జరగాల్సిన పని. టేపు, టార్చిలైటు ఉంటే అరగంటలో అవుతుంది. ఆ అంకెలను అమెరికన్ వుడ్ కౌన్సిల్ ప్రచురించే పట్టికలతో సరిచూడవచ్చు. ఇంగ్లిషు ‘ఐ’ ఆకారంలో ఉండే తయారీ జాయిస్టులకూ ట్రస్సులకూ మాత్రం వాటి తయారీదారు పట్టికే ప్రమాణం.

ఇల్లు కట్టేటప్పుడు పాటించిన నిబంధనల్లో కూడా 360వ వంతు ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. నివాస గదులకు చదరపుటడుగుకు 40 పౌండ్లు, పడకగదులకు 30 పౌండ్లు చలన భారంగా, అంటే మనుషులూ సామానూ తెచ్చే బరువుగా, తీసుకుని లెక్క వేస్తారు. కొత్తగా కూర్చోబెట్టిన గ్రానైట్ బల్ల, దాని కింది అల్మరాలు, టైల్, సిమెంటు బోర్డు బరువు ఆ చలన భారం లెక్కలోకి రావు. పైగా కలపకు ఇంకో గుణముంది. ఏళ్ళ తరబడి బరువు మోస్తే మెల్లగా ఇంకాస్త కుంగి, అలాగే ఉండిపోతుంది. పడకగది నేలను స్నానాలగదిగా మార్చేచోట ఈ జాగ్రత్త మరీ అవసరం. స్నానాలగదికి ఇంకో శత్రువు గొట్టాల పనివాడి రంపం. టబ్బు గొట్టం పోవడానికి జాయిస్టును సగానికి కోసేసిన ఉదంతాలు పాత ఇళ్ళలో కొల్లలు. అంతర్జాతీయ నివాస నిర్మాణ నియమావళి ప్రకారం దూలం మధ్య మూడోవంతు పొడవులో అంచుకు అసలు గాటు పెట్టకూడదు. మిగతాచోట్ల గాటు లోతు దూలం ఎత్తులో ఆరోవంతు మించరాదు. రంధ్రం వేస్తే ఎత్తులో మూడోవంతుకు లోపు, అంచులకు రెండంగుళాల దూరంలో ఉండాలి.

బిగువు చాలదని తేలితే దారులు కొన్నే. జాయిస్టు పక్కనే మరో జాయిస్టు జోడించి బోల్టులతో బిగించడం ఒకటి. మధ్యలో అడ్డంగా ఒక దూలం వేసి, దాన్ని స్తంభాల మీద నిలిపితే పొడవు సగమై కుంగుదల దాదాపు మాయమవుతుంది. అన్నిటికన్నా బలమైన మందు అదే, కానీ కింద గది ఉంటే ఎవరూ ఒప్పుకోరు. జాయిస్టుల మధ్య అడ్డచెక్కలు బిగించడం వల్ల బరువు పక్కదూలాలకు పంచబడుతుంది, నడిచేటప్పుడు అదురు తగ్గుతుంది. పొడవాటి దూలం కుంగుదలను మాత్రం అవి పెద్దగా ఆపలేవు.

రెండో కదలిక తేమది. కలప నిలువుపోగు దిశలో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం బాగా కదులుతుంది. మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల లెక్కల ప్రకారం డగ్లస్ ఫర్ కలప పచ్చిస్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి వలయాల దిశలో 7.6 శాతం కుంచించుకుంటుంది. ఇంట్లో అంత ఎండిపోవడం ఉండదు. అయినా హీటర్లు తిరిగే చలికాలంలో 6 శాతం, ఉక్కపోసే వేసవిలో 12 శాతం తేమ అనుకుంటే, ఆరంగుళాల వెడల్పు పలక రెండు మిల్లీమీటర్లకు పైగా అటూ ఇటూ జరుగుతుంది. టైల్ ఆ మార్పులో పిసరంతైనా పాలుపంచుకోదు. పాత ఇళ్ళలో వెడల్పాటి పలకల నేల మీద నేరుగా టైల్ పెట్టకూడదనడానికి కారణం ఇదే. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఈ ఆట చాలావరకు అణిగిపోతుంది. అణుగుతుందేగాని ఆగిపోదు. అందుకే షీట్ల మధ్య ఎనిమిదోవంతు అంగుళం ఖాళీ వదలాలి. ఖాళీ లేకుండా ఒరుసుకునే షీట్లు వాన తేమకు ఉబ్బి అంచుల దగ్గర పైకి లేస్తాయి. ఓఎస్‌బీ అంచులు తడిస్తే ఉబ్బి, ఎండాక కూడా పూర్తిగా తగ్గవు. కట్టేటప్పుడు వాన తగిలిన ఓఎస్‌బీ నేలల అతుకులను రసమట్టంతో చూసి గీకి సమం చేయడం తప్పదు.

రెండో పొర ప్లైవుడ్ వేసేచోట అంతగా ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. దాని స్క్రూలు కింది ప్లైవుడ్‌లో ఆగాలి, జాయిస్టులోకి దిగకూడదు; దాని అతుకులు కూడా జాయిస్టు మీద పడకూడదు. ఎందుకంటే బరువు కింద జాయిస్టు మీద ప్లైవుడ్ పైకి వంపు తిరుగుతుంది, రెండు జాయిస్టుల నడుమ కిందికి. పైపొర అతుకు సరిగ్గా జాయిస్టు మీద పడితే ఆ పైవంపు అతుకును విప్పుతుంది, దానిపైన టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ చీలుతుంది. కలప ఇంజనీరింగ్ బోధించిన ఫ్రాంక్ వోస్టి, పీటర్ నీల్సన్‌తో కలిసి టైల్ పనివారి కోసం రాసిన వ్యాసాల్లో ఈ సంగతిని లెక్కలతో వివరించాడు. పైపొర అతుకు జాయిస్టు నుంచి ఎడంలో నాలుగోవంతు దూరంలో ఉండాలన్నది ఆయన సలహా. వడ్రంగికి అలవాటైన పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అతుకు దూలం మీదే పడాలని అతని చేతికి నేర్పిన పాఠం కింది పొరకు వర్తిస్తుంది, పైపొరకు కాదు.

తీసిపారేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పొట్టుతో చేసిన పార్టికల్ బోర్డు, లువాన్ అనే పలుచటి ప్లైవుడ్, మెత్తటి అడుగున్న వినైల్ షీటు, వీటి మీద టైల్ నిలవదు. పాత ఇళ్ళలో తొమ్మిదంగుళాల చతురస్రపు టైల్స్ బయటపడితే వాటిని గీకకూడదు, రుద్దకూడదు. వాటిలోనూ వాటిని అంటించిన నల్ల జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ముందు పరీక్ష చేయించాలి.

ఇక చెక్కకూ టైల్‌కూ మధ్య ఏం పెట్టాలి? సిమెంటు బోర్డా, ప్లాస్టిక్ పొరా? టైల్ పనివాళ్ళు రెండు పక్షాలుగా చీలి వాదించుకునే ప్రశ్న ఇది. డ్యూరాక్, హార్డీబ్యాకర్ లాంటి బోర్డులు తడికి చెడవు, థిన్‌సెట్‌ను గట్టిగా పట్టుకుంటాయి. కానీ అర అంగుళం బోర్డు వేస్తే నేల బిగుస్తుందన్నది భ్రమ. నేల వంపును ఆపే బలం దానికి లేదు. దాన్ని వేసే పద్ధతిలో కూడా ఎక్కువమంది ఒక మెట్టు దాటేస్తారు. బోర్డు కింద పళ్ళున్న తాపీతో థిన్‌సెట్ పూయాలి. అది అతకడానికి కాదు, బోర్డుకూ ప్లైవుడ్‌కూ మధ్య ఉండే చిన్న చిన్న బోలు చోట్లు నిండడానికి. అవి నిండకపోతే అడుగేసిన ప్రతిసారీ బోర్డు కొద్దిగా పైకీ కిందికీ ఆడుతుంది, స్క్రూల దగ్గర నలుగుతుంది. బోర్డుల మధ్య ఎనిమిదోవంతు అంగుళం సందు వదిలి, క్షారాన్ని తట్టుకునే ఫైబర్‌గ్లాస్ వలపట్టీతోనూ థిన్‌సెట్‌తోనూ పూడ్చాలి. గోడల జిప్సమ్ బోర్డుకు వాడే పట్టీ సిమెంటు క్షారానికి కరిగిపోతుంది.

జర్మనీలోని ఇసెర్‌లోన్‌లో వెర్నర్ ష్లూటర్ స్థాపించిన సంస్థ 1987లో డిట్రా అనే నారింజ రంగు పాలిథిలిన్ పొరను తెచ్చింది. మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం. పైన లోపలికి వెడల్పయ్యే చతురస్రపు గుంటలు, అడుగున ఉన్ని లాంటి నేత. అడుగు నేత థిన్‌సెట్‌లో చెక్కకు అంటుకుంటుంది, పైన టైల్ కింది సిమెంటు గుంటల్లో దిగి పట్టు చిక్కించుకుంటుంది. చెక్క పక్కకు జరిగితే నడిమి ప్లాస్టిక్ ఆ కదలికను తనలో మింగి టైల్ దాకా రానివ్వదు. చూడబోతే ఇది తారుకాగితం చేసిన పనే, మాలు బరువు లేకుండా. తర్వాత ఇలాంటి పొరలు ఇతర సంస్థల నుంచీ వచ్చాయి.

బోర్డా పొరా అంటే తీర్పు పొరవైపే మొగ్గుతుంది. పక్కకదలిక చెక్కనేలకు స్వభావసిద్ధం, దాన్ని విడదీసి నిలిపే గుణం పొరకుంది, బోర్డుకు లేదు. పైగా పలుచన కాబట్టి పక్కగది నేలతో ఎత్తు తేడా తక్కువ. ఇందులో ఒక మెలిక ఉంది. పొర పక్కకదలికనే మింగుతుంది. జాయిస్టు నిలువుగా వంగితే పొరా వంగుతుంది, టైలూ వంగబోయి పగులుతుంది. ప్రకటనల్లో ఈ తేడా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

నేల కట్టుబడిని పరీక్షించే పద్ధతి ఏఎస్‌టీఎం సీ 627కు రాబిన్సన్ పరీక్ష అని వాడుక పేరు. నాలుగడుగుల చదరం నేల మీద మూడు చక్రాల యంత్రం బరువుతో గిర్రున తిరుగుతుంది. మొదట మెత్తటి రబ్బరు చక్రాలు, తర్వాత గట్టి రబ్బరువి, చివరికి ఉక్కువి. మొత్తం 14 దశలు. మొదటి మూడూ దాటితే ఇంటికి పనికొస్తుందని, అన్నీ దాటితే కర్మాగారానికీ సరిపోతుందని ముద్ర పడుతుంది. టైల్ కౌన్సిల్ ఆఫ్ నార్త్ అమెరికా చేతిపుస్తకంలో ప్రతి పద్ధతికీ ఈ తరగతి రాసి ఉంటుంది. పరీక్ష మంచిదే. అయితే ఆ చిన్న చదరంలో 14 అడుగుల జాయిస్టు లేదు. పెట్టె మీద ముద్ర చూసి ఇంటి దూలాలకు ఆ పాసు మార్కులు వేసుకోవడం ప్రమాదం.

తెలుగు ఇళ్ళకు ప్రత్యేకమైన ప్రశ్న నీటిది. అమెరికన్ స్నానాలగదిలో షవర్ గూడు తప్ప మిగతా నేలంతా పొడిగా ఉంటుందన్న ఊహతో కడతారు, చాలా ఇళ్ళలో నేల మీద తూము కూడా ఉండదు. పండగ ముందు వంటగది కడగడం, చెంబూ బకెట్టుతో స్నానం, టాయిలెట్ దగ్గర నీళ్ళు వాడటం మన అలవాట్లు. టైల్ పైతలం నీళ్ళు పెద్దగా పీల్చదు, పోర్సలిన్ అయితే అర శాతానికి మించి పీల్చుకోదు. గ్రౌట్ మాత్రం పీలుస్తుంది. దాని గుండా దిగిన నీరు ప్లైవుడ్ అంచుల్లో నిలిచి, ఏడాది తర్వాత కింది గది సీలింగు మీద మచ్చగా కనబడుతుంది. ఏఎన్ఎస్ఐ ఏ 118.10 ప్రమాణానికి సరిపోయే జలనిరోధక పొర వేసి, అతుకులకు పట్టీలు అంటించి, గోడ మీదికి కొన్ని అంగుళాలు ఎక్కించడం అలాంటి ఇళ్ళలో విలాసం కాదు. డిట్రా లాంటి పొర కూడా అతుకులకు పట్టీ వేస్తేనే నీటిని ఆపుతుంది. ఎంత చేసినా తూము లేని చెక్కనేలను బకెట్లతో కడగడం మానుకోవలసిందే. పెద్దవాళ్ళు ఊరినుంచి వచ్చినప్పుడు ఈ మాట ముందే చెప్పడం ఇంటికి మేలు.

మట్టం గురించి కూడా ఒక మాట. ఇప్పుడు అక్కడా ఇక్కడా రెండడుగులకు నాలుగడుగుల టైల్స్ మోజు నడుస్తోంది. 15 అంగుళాలు దాటిన అంచు ఉన్న ఏ టైల్‌కైనా నేల 10 అడుగులకు ఎనిమిదోవంతు అంగుళం కన్నా హెచ్చుతగ్గులుగా ఉండకూడదు. చిన్న టైల్స్‌కైతే పావు అంగుళం దాకా ఓర్పు ఉంది. దూలాల మీది చెక్కనేల అంత సమంగా దొరకడం అరుదు. ఎత్తు దూలాలను చిత్రిక పట్టడం, పల్లాలను తనంతట తానే సర్దుకునే సిమెంటుతో నింపడం లాంటి పని చేరుతుంది. ఆ సిమెంటుకూ చెక్క మీద ప్రైమరు, చాలా రకాలకు లోహపు వల కావాలి. ఇరవై ఏళ్ళ ఇంట్లో 12 అంగుళాల టైల్స్ ఎంచుకుంటే ఈ బాధలో సగం తప్పుతుంది.

గోడ పొడవునా పావు అంగుళం సందు వదిలి స్కర్టింగుతో కప్పడం, ఆ సందులో మాలు పడకుండా చూడటం కూడా సబ్‌ఫ్లోర్ సిద్ధం చేసే పనిలో భాగమే. అది పూడిపోతే ఉబ్బిన నేలకు పోవడానికి చోటు లేక నడుమన టైల్స్ గుడారంలా లేస్తాయి.

ఈ పనులన్నిటిలో ఎక్కువ భాగం కొత్త ఇల్లు కొనేవారికి తక్కువ ఖర్చులో దొరుకుతుంది, సమయానికి అడిగితే. బిల్డరు చట్రం నిలబెట్టే దశలో జాయిస్టులను 16కు బదులు 12 అంగుళాల ఎడంలో వేయమనడం, ఒక సైజు ఎత్తు పెంచమనడం, వంటగదిలో బల్ల వచ్చేచోటు కింద అదనపు దూలం పెట్టమనడం అప్పుడే సాధ్యం. కౌంటరు రంగూ అల్మరాల పిడులూ ఎంచుకోవడానికి పిలిచే సమావేశం నాటికి చట్రం నిలబడిపోయి ఉంటుంది. కాబట్టి ఏ గదుల్లో టైల్, ఏ గదిలో రాయి అన్నది ఒప్పందం మీద సంతకం చేసే రోజుకే తేల్చుకుని, జాయిస్టుల పట్టిక బిల్డరును అడగాలి.